మీటరు దాకా మాది కాదు, మీటరు తర్వాత మీది

2020 అక్టోబరు 29న శామీర్‌పేట పక్క మూడుచింతలపల్లిలో ధరణి పోర్టల్‌ను మొదలుపెట్టారు. రాష్ట్రంలో ఏ గుంట ఎవరిదో ఒక్క మీట నొక్కితే తేలిపోతుందన్నారు. తేలిందా మునిగిందా అన్నది వేరే పురాణం. 2025లో దాని కుర్చీలో భూభారతి వచ్చి కూర్చుంది కూడా. నా గొడవ ధరణితో కాదు, భూభారతితోనూ కాదు. అదే మూడుచింతలపల్లిలో, అలియాబాద్‌లో, తుర్కపల్లిలో, ఇటు మేడ్చల్ వైపు పూడూరులో, గౌడవెల్లిలో ఇళ్ల గోడలకు ఇనుప గొట్టాలు నిలబడి ఉంటాయి. కరెంటు పోలు మీంచి దిగిన సర్వీసు వైరు ఆ గొట్టం నోట్లో దూరి మీటరు డబ్బాలో తేలుతుంది. ఆ గొట్టానికి పట్టాదారు ఎవరు? అనుభవదారు ఎవరు? ఏ పోర్టల్‌లో వెతికినా దొరకదు.

గుంట జాగా కోసం సొంత అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే చోట, పది అడుగుల జీఐ పైపును మాత్రం అందరూ దానధర్మం చేసేస్తారు. ఇంటాయన "డిపార్టుమెంటుది" అంటాడు. డిపార్టుమెంటు "కన్జూమర్‌ది" అంటుంది. బిల్డరు "అసోసియేషన్‌కు హ్యాండోవర్ చేసేశాం సార్" అంటాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి పడుకుంటాడు. లైన్‌మన్‌ను నిలదీస్తే ఆయన ఒక్క ముక్కలో తీర్పు చెప్పేస్తాడు: "అన్నా, మీటరు దాకా మాది కాదు. మీటరు తర్వాత మీది." మరి మీటరో? "మీటరు మాదే. సీలు ముట్టుకుంటే కేసైతది."

ఇంతకన్నా స్పష్టమైన సరిహద్దు ఒప్పందం ఏ రెండు దేశాల మధ్యా కుదిరి ఉండదు. మధ్యలో మిగిలిన ఆ పది అడుగుల ఇనుము ఎవరి రాజ్యంలోనూ లేదు. అందుకే దాన్ని ఎర్తు తీగకు కలిపినవాడూ లేడు.

ఆ గొట్టం చేసిన పాపమేమిటంటారా? ఏమీ లేదు, నిలబడడమే. పాపమంతా దాని నోటి దగ్గర ఉంది. పనివాడు హాక్‌సా బ్లేడుతో పైపు కోస్తాడు. కోసిన అంచు కత్తిలా ఉంటుంది. ఆకురాయితో నున్నగా అరగదీసి, నోటికి ఒక ప్లాస్టిక్ బుష్ తొడిగితే పనైపోతుంది. కానీ ఆకురాయి ఇంట్లో మరిచి వచ్చాడు, బుష్ షాపులో అయిపోయింది. గాలి వీచినప్పుడల్లా సర్వీసు వైరు ఆ అంచు మీద రాసుకుంటుంది. మే నెల ఎండకు పీవీసీ తొడుగు పెళుసెక్కుతుంది. జూన్ వానకు పైపులోకి నీళ్ళు దిగుతాయి. కొన్నేళ్ళు గడిచాక ఒకరోజు తొడుగు తెగి, ఫేజు తీగ ఇనుమును ముట్టుకుంటుంది. ఆ క్షణం నుంచి అది పైపు కాదు, మీ గోడకు నిలబెట్టిన ఫేజు.

ఆ ఫేజుకే మనం సైకిల్ ఆనిస్తాం. దాని క్లాంపుకే బట్టలారేసే తీగ కడతాం. దసరాకు దానికే పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీస్తాం. చేతికి జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. ఆయన టెస్టరు పెట్టి చూస్తాడు. టెస్టరులో దీపం వెలుగుతుంది. ఆయన ముఖంలో మాత్రం ఏమీ వెలగదు.

"షాక్ కాదు సార్, ఉత్త ఎర్త్ వస్తున్నది. చెప్పులేసుకొని ముట్టుకోండ్రి."

అదీ విషయం. చట్టాలూ కోడ్‌లూ ఎన్ని ఉన్నా, ఇక్కడ అమల్లో ఉన్న విద్యుత్ భద్రతా విధానం చెప్పులు. అదీ హవాయి చెప్పులు.

చదువుకున్నవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. ఇంట్లో ఎంసీబీ ఉంది, పోయినేడాది ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు టక్కున పడిపోతుందని షాపువాడు చెప్పాడు, మరి మాకేం భయం అని. షాపువాడు నిజమే చెప్పాడు. కాకపోతే ఆ ఆర్‌సీసీబీ ఉండేది మీటరు తర్వాత, ఇంట్లోపల. గొట్టం ఉన్నది మీటరు ముందు, ఇంటి బయట. గొట్టంలోకి కారిపోయే కరెంటు మీ ఆర్‌సీసీబీ గడపే తొక్కదు. ఇంటిలోపల కాపలాదారు మీసం మెలేస్తూ కూర్చుంటాడు, దొంగ ప్రహరీ బయటే పని కానిచ్చుకుని పోతాడు.

ఇంకో విచిత్రం చూడండి. మీటరు ముందు తీగకు కొక్కెం తగిలించి నాలుగు యూనిట్లు వాడుకుంటే, 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం. విజిలెన్స్ వాళ్ళు జీపేసుకుని వస్తారు. అదే మీటరు ముందు, అదే తీగలోంచి, అదే కరెంటు గోడ గుండా రాత్రింబవళ్ళు కారిపోతుంటే ఏ జీపూ రాదు. కొక్కెం వేసినవాడికి పేరుంది, ఊరుంది, ఆధార్ ఉంది. గొట్టానికి ఏముంది?

చట్టం మాత్రం గొట్టాన్ని మరిచిపోలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 61వ నియమం తీసి చూడండి. కరెంటు తీగను మోసే, కాపాడే లోహపు తొడుగు ఏదైనా భూమితో కలిపి ఉండాలి. జంక్షన్ బాక్సులూ సందులూ వచ్చినచోటల్లా ఇనుము ఇనుముకు గట్టిగా అంటుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా కరెంటు నిరాటంకంగా పారేలా జోడించి ఉండాలి. గోడలో విడిగా దూర్చే ముక్క గొట్టాలకు చిన్న మినహాయింపు ఇచ్చారు. మనవాళ్ళు ఆ మినహాయింపును పది అడుగులు సాగదీసి మేడ ఎక్కించారు. 33వ నియమం ఇంకా ముచ్చటైనది. సప్లయ్ ఇచ్చేవాడే వినియోగదారుడి ఆవరణలో, సరఫరా మొదలయ్యే చోట, చేతికందేలా ఒక ఎర్తు టెర్మినల్ పెట్టి, దాన్ని బాగోగులు చూస్తూ ఉండాలంటుంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వచ్చాయి, అందులో అదే మాట 16వ నిబంధన అయింది. 2023లో మళ్ళీ కొత్త నిబంధనలు వచ్చాయి, మాట మారలేదు.

పెట్టడమే కాదు, చూస్తూ కూడా ఉండాలట! ఈ వాక్యం చదివి మేడ్చల్ మార్కెట్‌లో ఎవరైనా నవ్వితే తప్పు వాళ్ళది కాదు. మీ మీటరు డబ్బా దగ్గర అలాంటి టెర్మినల్ ఎప్పుడైనా చూశారా? మీ నాన్నగారు చూశారా? 1956లో పుట్టిన నియమం ఉద్యోగంలో చేరి ఉంటే ఈపాటికి రిటైరై పెన్షన్ తీసుకుంటూ ఉండేది.

తమాషా ఏమిటంటే శామీర్‌పేటకు చదువు కరువు లేదు. చట్టం నేర్పే నల్సార్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఓమ్ సూత్రం నేర్పే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ అటు జవహర్‌నగర్ వైపు. తుర్కపల్లి దాటితే జీనోమ్ వ్యాలీ, ప్రపంచానికి టీకాలు పంపే చోటు. అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్. ఈ నలుగురి నడుమ ఒక కిరాణా కొట్టు గోడకు గొట్టం నిలబడి ఉంది. దాన్ని చూసి లా చదివే పిల్లవాడు "ఇది ఇంజినీర్ల పని" అనుకుంటాడు. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడు "ఇది లీగల్ ఇష్యూ" అనుకుంటాడు. ఇద్దరూ అదే కొట్టులో చిప్స్ పొట్లం కొనుక్కుని హాస్టల్‌కు పోతారు.

"ఎర్త్ పిట్ ఉంది కద సార్, ఇంకేం గావాలె?" అనేది తర్వాతి వాదన. దీన్ని కాస్త ఓపిగ్గా విప్పాలి, ఎందుకంటే మోసమంతా ఈ గుంతలోనే ఉంది.

ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది. జీఐ పైపును ఎలక్ట్రోడ్‌గా పాతితే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పొడవు రెండున్నర మీటర్లకు తగ్గకూడదు అంటుంది. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మేడ్చల్, శామీర్‌పేట నేల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పైన కాస్త మొరం, కింద బండ. మూడు అడుగులు తవ్వగానే గడ్డపార ఖంగుమంటుంది. అప్పుడు మేస్త్రీకి రెండే దారులు. డ్రిల్లింగ్ బండి తెప్పించడం ఒకటి, పైపును కోసేయడం ఇంకొకటి. ఏ దారి పడతాడో మీకు తెలుసు. కోయగా మిగిలిన ముక్క స్కూటర్ షెడ్డుకు గుంజ అవుతుంది. గుంతలో పోయాల్సిన బొగ్గు ఇస్త్రీ బండివాడికి పోతుంది. ఉప్పు ఒక్కటే నిజాయితీగా పడుతుంది, అదీ కిలో ప్యాకెట్. మీద సిమెంటు పలక, పలక మీద ఎర్రరంగుతో "ఎర్త్ పిట్" అన్న అక్షరాలు. రాత మాత్రం చూడముచ్చటగా ఉంటుంది.

పోనీ, మేస్త్రీ మహానుభావుడే అనుకుందాం. గుంత నిబంధన ప్రకారమే తవ్వాడు, పైపును ఆ గుంతకు కలిపాడు. గుంత నిరోధం 8 ఓమ్‌లు వచ్చింది. ఈ రాతినేలలో, ఎండాకాలంలో, అంత తక్కువ వస్తే పండగే. అటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్తు 2 ఓమ్‌లు. మొత్తం 10. ఫేజు తీగ పైపును ముట్టుకుంది. 230 వోల్టులను 10తో భాగించండి, 23 ఆంపియర్లు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇది ఏపాటి? ఎవరో రెండున్నర గీజర్లు వేశారనుకుంటుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజులో ఇంచుమించు 139 ఆంపియర్లు నిండుగా మోయగలదు. 23కు దాని ఫ్యూజు వేడి కూడా ఎక్కదు. ఇక పైపు మీద మిగిలే వోల్టేజి? పదిలో ఎనిమిది వంతులు, 184 వోల్టులు. గుంత ఉంది, ఉప్పు ఉంది, పలక మీద రాత ఉంది, పైపు మీద 184 వోల్టులు ఉన్నాయి. తడికాళ్ళతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 184 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. గుండె లయ తప్పడానికి అంత కూడా అక్కర్లేదు.

కరెంటుకు భూదేవి మీద భక్తేమీ లేదు. అది ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగి చేరాలి, అంతే దాని పట్టుదల. దారి మట్టిదైతే కుంటుకుంటూ పోతుంది, లోహపు దారైతే పరిగెత్తుతుంది. గొట్టాన్నీ, మీటరు డబ్బానూ, సప్లయ్‌వాళ్ళు పెట్టాల్సిన ఆ ఎర్తు టెర్మినల్‌నూ మందపాటి తీగతో ఒకటిగా బిగించి, ఆ టెర్మినల్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా లోహపు దారి ఉండేలా చూస్తే మొత్తం నిరోధం అర ఓమ్ దగ్గర ఉంటుంది. అప్పుడు అదే తప్పుకు పారేది 460 ఆంపియర్లు. ఫ్యూజు ఢామ్మని ఎగిరిపోతుంది. పది ఇళ్లకు కరెంటు పోతుంది. పది ఇళ్లవాళ్ళూ లైన్‌మన్ ఏడు తరాలను తిడతారు. సీరియల్ మధ్యలో ఆగిపోతుంది. పైపు మాత్రం చచ్చిపడి ఉంటుంది, మనిషి బతికి ఉంటాడు. బాండింగ్ అనే పని సారాంశం ఇంతే. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు తీగ స్థానంలో వేలి లావు అల్యూమినియం చుట్టి ఉంచకపోతే, అని కూడా కలుపుకోవాలి. అది ఇంకో వ్యాసం.

గుంతకు బిల్లు ఉంది, పలకకు బిల్లు ఉంది, రాతకు కూడా బిల్లు ఉంది. గొట్టం నుంచి టెర్మినల్‌కు వెళ్ళాల్సిన ఒక లగ్గు, ఒక బోల్టు, ఒక వాషరు, మూరెడు తీగ. వీటికి ఎస్టిమేట్‌లో వరస లేదు. గృహప్రవేశం భోజనాల్లో నాలుగైదు ప్లేట్ల ఖర్చు కూడా కాని సామాను. అంత చవక కాబట్టే దాంట్లో ఎవరికీ మిగిలేదేమీ లేదు. లక్షల పని అయ్యుంటే ఈపాటికి టెండరు, కమిటీ, ప్రారంభోత్సవం, శిలాఫలకం అన్నీ అయ్యుండేవి.

ఇప్పుడు మన ఫ్రిస్కో బావగారి సంగతి. ఊరు మేడ్చల్, కాపురం టెక్సాస్. అక్కడ ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్టర్‌కు డాలర్లిచ్చి ఇంటి చుట్టూ తిప్పాడు. ఆ పెద్దమనిషి మీటరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం డబ్బాలోకి దూరేచోట టార్చి వేసి చూసి, "ఇక్కడ బాండింగ్ సరిగా లేదు" అని రాశాడు. అమెరికా విద్యుత్ కోడ్ మొదటిసారి వచ్చింది 1897లో. ఇప్పటి కోడ్‌లో 250వ అధికరణమంతా ఎర్తింగ్, బాండింగ్ గోలే. సర్వీసు తీగలు మోసే లోహపు గొట్టానికి మామూలు చెక్‌నట్టు బిగించి ఊరుకుంటే వాళ్ళు ఒప్పుకోరు. మరలు తిప్పి బిగించిన హబ్బయినా ఉండాలి, ప్రత్యేకమైన బాండింగ్ బుష్ వేసి దానికి జంపరు తీగైనా కలపాలి. డబ్బాకు వలయాలుగా పగలగొట్టే బిళ్లలుంటే, పగలగా మిగిలిన పల్చటి రేకును నమ్మరు, దాన్ని దాటించి జంపరు వేయాలంటారు. ఎందుకింత చాదస్తం? ఆ గొట్టం ఇంటి మెయిన్ స్విచ్‌కు ముందుంది, దానికి ఇంట్లో ఏ ఫ్యూజూ కాపలా లేదు కాబట్టి. మన గొట్టం పరిస్థితి కూడా అచ్చం అదే. తేడా ఒక్కటే: వాళ్ళ ఇళ్ల ఫేజుకూ భూమికీ మధ్య 120 వోల్టులు, మనకు 230.

బావగారు అమ్మినవాడి చేత అది సరి చేయించాకే సంతకం పెట్టాడు. మంచిదే. ఆ తర్వాత అదే చేత్తో, ఫోన్‌లోనే, శామీర్‌పేట దగ్గర విల్లా కొన్నాడు. వీడియో కాల్‌లో క్లబ్ హౌస్ చూశాడు, స్విమ్మింగ్ పూల్ చూశాడు, ఔటర్ రింగురోడ్డు ఎంత దగ్గరో చూశాడు. మీటరు ఆగ్నేయంలోనే ఉందా అని సిద్ధాంతిగారి చేత కొలిపించాడు. ఉంది, పాయింటు తప్పకుండా ఆగ్నేయంలోనే ఉంది. గొట్టం డబ్బాలోకి దూరేచోట టార్చి వేసి చూసినవాడు లేడు. చూసి ఉంటే పౌడర్ కోటింగ్ డబ్బా కనబడేది. ఆ కోటింగ్ గీకకుండానే బిగించిన నట్టు, ఆ నట్టు మీద రెండు పూతల ఎక్స్‌టీరియర్ పెయింటు. రంగు కరెంటును పారనివ్వదు. ఇనుము ఇనుమును తాకకుండా మధ్యలో మూడు పొరల అందం. చూడ్డానికి బిగువు, లోపల విడాకులు.

మరి కాగితాలు? కాగితాలకేం లోటు! కొత్త కనెక్షన్‌కు లైసెన్సున్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి. ఇన్సులేషన్ ఎన్ని మెగా ఓమ్‌లు, ఎర్తు ఎన్ని ఓమ్‌లు, అన్నీ ముత్యాల్లాంటి అంకెలు. సప్లయ్‌వాళ్ళ ఎర్తులనైతే రెండేళ్ళకోసారి, ఎండాకాలంలో, వాన పడని రోజున కొలిచి రికార్డు ఉంచాలని 61వ నియమమే రాసిపెట్టింది. నేల బాగా ఎండినప్పుడే ఎర్తు బండారం బయటపడుతుందని ఆ రాసినవాడికి తెలుసు. కానీ ఒక చిన్న సంగతి తెలియలేదు. మన దగ్గర కొలిచేది మీటరుతో కాదు, పెన్నుతో. పెన్నుకు రుతువులతో పనిలేదు. జులై ముసురులోనూ, ఏప్రిల్ వడగాలిలోనూ ఒకే అంకె రాస్తుంది. ఇక గొట్టం పై కొస నుంచి ఎర్తు టెర్మినల్ దాకా లోహం తెగకుండా ఉందో లేదో మల్టీమీటరు పెట్టి చూడడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు అడిగితే మన ఎలక్ట్రీషియన్‌కు పౌరుషం వస్తుంది.

"ఇరవై ఏండ్ల సంది ఇట్లనే ఏస్తున్నం సార్. ఎవ్వలికేం గాలే."

అయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా.

వ్యంగ్యం ఇక్కడ కాసేపు ఆపాలి. మేడ్చల్ స్టేషన్‌లో నిజామాబాద్ వైపు రైలెక్కితే కామారెడ్డి వస్తుంది. 2022 జులైలో, వానల్లో, అక్కడి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలారేసే తీగకు కరెంటు వచ్చింది. ఒకే ఇంట్లో భార్యా భర్తా ఇద్దరు పసిపిల్లలూ, ఒకరిని పట్టుకుని ఒకరు, నలుగురూ పోయారు. అక్కడ కరెంటు ఏ దారిన తీగలోకి వచ్చినా, తప్పు జరిగిన క్షణంలో సరఫరా తెగిపోయే ఏర్పాటు పనిచేయలేదన్నది మాత్రం నాలుగు శవాలు చెప్పాయి. 2021లో కరెంటు షాకుతో దేశంలో పోయినవాళ్ళు 12 వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రాణం పోతే 24 గంటల్లో తెలియజేయాలని, 48 గంటల్లో రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలని 2005 నుంచి నియమం ఉంది. ప్రాణం పోయాక గడియారం అంత చురుగ్గా తిరుగుతుంది.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. మర్నాటి నుంచి పోళ్ల మీద వేలాడే కేబుల్ తీగల కోత మొదలైంది. ఊళ్లో సగానికి ఇంటర్నెట్ పోయింది. అప్పుడు మాత్రం అందరూ తలెత్తి పోలు వైపు చూశారు. పోలు నుంచి చూపు అలా గోడ మీదికి, గొట్టం మీదికి దిగి ఉంటే ఎంత బాగుండేది! దిగలేదు. ఇంటర్నెట్ వచ్చింది, తలలు ఫోన్లలోకి దిగాయి.

ఇంకో రకం మేధావి గురించి హెచ్చరించకపోతే ఈ వ్యాసం వల్ల మేలుకు బదులు కీడు జరుగుతుంది. "న్యూట్రల్, ఎర్తు రెండూ ఆఖరికి ఒక్కటే కద సార్" అని, మూడు పిన్నుల సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న తీగ ముక్క వేసేస్తాడే, ఆయన. ఆ ముక్కతో జివ్వుమనడం ఆగిపోతుంది, ఆయనకు ఊళ్లో వైద్యుడంత పేరు వస్తుంది. ఒకనాడు గాలివానకు పోలు దగ్గర న్యూట్రల్ తెగుతుంది. అప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, బోరు మోటారు స్టార్టర్ డబ్బా, ఇంట్లో ఇనుమన్న ప్రతిదాని మీదికీ ఫేజు ఎక్కి కూర్చుంటుంది. న్యూట్రల్‌నూ ఎర్తునూ కలపడమన్నది సప్లయ్‌వాళ్ళు తమ వైపు, తమ బాధ్యత మీద, న్యూట్రల్‌ను పలుచోట్ల ఎర్తు చేసి, లెక్కగా చేసే పని. అమెరికా కోడ్ కూడా సర్వీసు దగ్గర ఒక్కచోటే కలపమంటుంది, ఆ తర్వాత ఇంట్లో మళ్ళీ ఎక్కడా కలపనివ్వదు. ఇది ప్రతి సాకెట్‌లోనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసే గృహవైద్యం కాదు. అలాంటి ముక్క మీ ఇంట్లో ఉంటే పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత ఈ వారమే తీయించేయండి.

ఇక పేర్ల సంగతి. 1959లో పుట్టిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో ముక్కలైంది. 2000లో ఇక్కడి పంపిణీకి ఏపీసీపీడీసీఎల్ వచ్చింది. 2014లో అది టీఎస్ఎస్పీడీసీఎల్ అయింది, 2024లో టీజీఎస్పీడీసీఎల్ అయింది. ప్రతిసారీ బోర్డులు మారాయి, బిల్లుల మీద అక్షరాలు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. 2016లో జిల్లా కొత్తది, తర్వాత కలెక్టరేట్ కొత్తది. ఇన్ని మార్పులను ఆ గోడ మీది గొట్టం ఎర్తు తీగ లేకుండానే నిలబడి చూసింది. రంగు మాత్రం రెండుమూడుసార్లు వేయించుకుంది.

పరిష్కారం చెప్పమంటారా? కమిషన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. గొట్టం ఎవరిదో తేల్చే ఒక్క వాక్యం కావాలి. సరఫరాదారుడి సొత్తయినా, ఆయన చేతికింద ఉన్నదైనా, వినియోగదారుడి ఆవరణలో ఉన్న తీగలూ సామానూ సురక్షితంగా ఉంచే బాధ్యత సరఫరాదారుడిదేనని 1956 నియమాల్లో 30వది ఎప్పుడో అంది. సీలు మీది, ముట్టుకుంటే కేసు మీది అయినప్పుడు, ఆ సీలు దాకా వచ్చే గొట్టం మీ చేతికింద లేదని ఏ ముఖంతో అంటారు? కాదు, వినియోగదారుడిదే అంటారా, సరే, అదే రాసివ్వండి. రాసిచ్చి, "ఎర్తు టెర్మినల్‌కు బిగించనిదే మీటరు పెట్టం" అని ఒక్క షరతు పెట్టండి. వద్దనుకుంటే మీటరు దాకా ప్లాస్టిక్ గొట్టమే వేయించండి, ఇనుమే లేకపోతే ఇనుముకు కరెంటు ఎక్కే బాధా లేదు. ఈ మూడింట్లో ఏది చేసినా చాలు. ఏదీ చేయకుండా చెప్పులేసుకోమనడం మాత్రం పాలన కాదు.

అంతవరకూ చదువరులకు నా విన్నపం. గొట్టాన్ని చేత్తో ముట్టి చూడకండి, చెప్పులున్నా సరే. బట్టలారేసే తీగ దాని క్లాంపుకు కట్టి ఉంటే, దాన్ని కూడా మీరు ఊడదీయకండి, సరఫరా ఆపించి పర్మిట్ ఉన్న మనిషి చేత తీయించండి, ఇకమీదట నైలాన్ తాడు వాడండి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని మీ సెక్షన్ ఆఫీసుకు రాయండి: "నా సర్వీసు నంబరు ఇది. నిబంధనల ప్రకారం నా ఆవరణలో మీరు పెట్టి, చూసుకుంటున్న ఎర్తు టెర్మినల్ ఎక్కడుందో దయచేసి వచ్చి చూపించగలరు." సంతకం పెట్టి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. "మాది కాదు" అని నోటితో అంటే వినకండి. అదే కాగితం మీద, తేదీ వేసి, రాసిమ్మనండి.